విశ్వవిద్యాలయ గ్రంథాలయాలలో లిఖితప్రతి పండితుని పదవి

విశ్వవిద్యాలయ గ్రంథాలయ నియామకాలకు ప్రకటన వెలువడినప్పుడు అందులో సాధారణంగా కనిపించే పదవులు మూడు: గ్రంథాలయాధికారి, ఉప గ్రంథాలయాధికారి, సహాయ గ్రంథాలయాధికారి. వీరికి దిగువన సాంకేతిక సహాయకులు, పరిచారకులు ఉంటారు. అచ్చుపుస్తకాలు మాత్రమే ఉన్న గ్రంథాలయానికి ఈ క్రమం చాలును. తాళపత్రాలు, కాగితపు వ్రాతప్రతులు వేలసంఖ్యలో ఉన్నచోట కూడ ప్రకటన పాఠం ఇదే అయినప్పుడు ఒక ప్రశ్న ఉదయిస్తుంది. తాటాకుకట్ట విప్పి, అందలి లిపిని గుర్తించి, గ్రంథనామం తేల్చి, ఆద్యంతాలు ఎత్తి వ్రాయవలసిన వ్యక్తి ఈ మూడింటిలో ఏ పదవిలో ఉన్నాడు? నియమావళిని బట్టి చూస్తే ఏ పదవిలోను లేడు. గ్రంథాలయ శాస్త్రం చదివినవాడు ఆ కట్టను చదవలేకపోవచ్చును. చదవగలిగిన శాస్త్రపండితుడు ఆ పదవికి దరఖాస్తు పెట్టుకొనుటకే అర్హుడు కాకపోవచ్చును. ఈ రెంటి నడుమ పడి కట్ట విప్పకుండానే ఉండిపోతున్నది.

ప్రాచ్య కళాశాలల అధ్యాపకులకు ఈ విషయం పరాయిది కాదు. ఆ పదవి అంటూ ఉంటే దానికి రావలసినవారు వారి విద్యార్థులే. భాషాప్రవీణ, విద్యాప్రవీణ, శిరోమణి పట్టాలు పొందినవారికి పాఠశాలలో పండిత ఉద్యోగం తప్ప వేరు దారి లేదనే భావం బలంగా నాటుకొని ఉన్నది. ఒకప్పుడు వేరు దారి ఉండేది. అది ఎట్లు ఏర్పడినదో, ఎట్లు మూసుకుపోయినదో పరిశీలింపదగినది.

పూర్వరంగం

తెలుగునాట ఈ వృత్తికి మూలం ప్రభుత్వ ఉత్తర్వులలో లేదు; వ్యక్తుల కొలువులలో ఉన్నది. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) వద్ద కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఊరూరి వృత్తాంతాలు, శాసనాల నకళ్ళు, గ్రంథాలు సేకరించి వాటి సారం వ్రాసియిచ్చిన పని, నేటి పరిభాషలో చెప్పవలెనంటే సేకరణ, సూచీకరణ రెండును కలిసిన ఉద్యోగం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) కడపలోని తన బంగళాలో పండితులను జీతాలిచ్చి నిలిపినాడు. ఒక్కొక్క కావ్యానికి పెక్కు ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించినాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటివారు ఆ కొలువులోనివారు. వారి జీతాలకు బ్రౌన్ సొంత ధనమే ఆధారం. అది చాలనప్పుడు అప్పులు. అందుచేతనే ఆయన ఉన్నన్నాళ్ళే ఆ పని సాగినది. అక్కడ పోషకుడు ఉన్నాడే తప్ప పదవి లేదు.

మెకంజీ సంచయం, లేడన్ సంపాదించిన గ్రంథాలు, బ్రౌన్ ఇచ్చిన ప్రతులు కలిసి మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయినవి. పదవి అనేది నిలకడగా కనిపించేది ఇక్కడనే. ఎం. రంగాచార్య, ఆయన తరువాత ఎస్. కుప్పుస్వామి శాస్త్రి, ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతాచార్యులుగా ఉంటూ భాండాగారానికి క్యురేటర్లుగా వ్యవహరించినారు. పాఠం చెప్పే గది, వ్రాతప్రతులు భద్రపరచే గది ఒకే వ్యక్తి చేతిలో ఉండుట ఆ ఏర్పాటులోని విశేషం. వారి క్రింద సంస్కృతం, తెలుగు, తమిళం మొదలైన భాషలకు పండితులు ఉండిరి. వివరణాత్మక సూచికలు, మూడేండ్లకొకసారి కొత్తగా చేరిన ప్రతుల సూచికలు వెలువడుటకు కారణం ఈ సిబ్బందియే. మానవల్లి రామకృష్ణకవి (1866–1957), వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) ఈ భాండాగారంలో పనిచేసినవారే. రామకృష్ణకవి 1909లో ప్రకటించిన నన్నెచోడుని కుమారసంభవం తెలుగు సాహిత్యచరిత్రలో కవికాలాల చర్చను ఎంత కదిలించినదో ఈ పత్రిక పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. భరతుని నాట్యశాస్త్రానికి అభినవగుప్తుని వ్యాఖ్య కేరళలో దొరికిన ప్రతుల ఆధారంగా ఆయన పరిష్కరణలోనే 1926 నుండి వెలుగు చూచినది.

మైసూరు ఉదాహరణ ఇంకను స్పష్టమైనది. 1891లో స్థాపించిన మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి తంజావూరు ప్రాంతపు పండితుడొకరు ఒక తాళపత్రప్రతి తెచ్చి ఇచ్చినారు. గ్రంథలిపిలో ఉన్న ఆ ప్రతిని చదివి, అది కౌటిలీయ అర్థశాస్త్రమని గుర్తించినవారు ఆ గ్రంథాలయంలో గ్రంథాలయాధికారిగా ఉన్న ఆర్. శామశాస్త్రి. 1905లో దానిని లోకానికి తెలియజేసి, 1909లో మూలం ముద్రించి, 1915లో ఆంగ్లానువాదం సమగ్రంగా ప్రకటించినారు. అదే కట్ట, లిపి తెలియని ఒక అధికారి బల్లమీదికి వచ్చి ఉంటే దాని గతి ఏమి? అది చేరిక పుస్తకంలో ఒక సంఖ్యగా నమోదై, బీరువాలోనికి పోయి ఉండేది. నమోదు సక్రమంగానే జరిగినదని తనిఖీవారు సంతకం కూడ చేసియుందురు. ఆ గ్రంథాలయం 1916లో ఏర్పడిన మైసూరు విశ్వవిద్యాలయపు అధీనంలోనికి వచ్చి, తరువాత ప్రాచ్య పరిశోధనాలయంగా పేరు పొందినది.

తిరువనంతపురంలో టి. గణపతిశాస్త్రి భాసుని రూపకాలను 1912 నుండి ప్రకటించుటకు ఆధారమైనది కూడ లిఖితప్రతుల ప్రచురణకై తిరువాన్కూరు సంస్థానం ఏర్పరచిన క్యురేటర్ పదవియే. తిరుపతిలో దేవస్థానం వారు 1939లో నెలకొల్పిన ప్రాచ్య పరిశోధనాలయానికి రామకృష్ణకవి, ప్రభాకరశాస్త్రి మద్రాసు అనుభవంతో వచ్చినారు. అన్నమాచార్యుల రాగిరేకుల పరిష్కరణలో ప్రభాకరశాస్త్రి పాత్ర ఆ అనుభవపు ఫలమే. ఆ సంస్థ 1956లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చేరినది. ఈ విధంగా సంస్థానాలు, ప్రభుత్వాలు, దేవస్థానాలు పోగుచేసిన వ్రాతప్రతులు ఇరువదవ శతాబ్ది నడిమికి చాలవరకు విశ్వవిద్యాలయాల చేతికి వచ్చినవి. వాటితోపాటు వచ్చిన పదవులు మాత్రం విశ్వవిద్యాలయ నియమాల అచ్చులో ఇమడలేదు.

1924 నాటి ఒక నియామకం

విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అనే పదవి భారతదేశంలో శాస్త్రీయ రూపం పొందిన కథ మద్రాసులో ఆరంభమవుతుంది. ఆ కథలో ఈ సమస్యకు ఒక పరిష్కారం కూడ ఇమిడి ఉన్నది గనుక కొంత వివరంగా చూడవలెను.

మద్రాసు విశ్వవిద్యాలయం 1923లో గ్రంథాలయాధికారి పదవికి ప్రకటన ఇచ్చినది. దాదాపు 900 దరఖాస్తులు వచ్చినవని ప్రతీతి. వారిలో గ్రంథాలయ వృత్తిలో శిక్షణ పొందినవారు లేరు. ఎన్నికైనవాడు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం బోధించే ఎస్.ఆర్. రంగనాథన్. ఆయనకు ఆ వృత్తిని గూర్చి తెలిసినది, పరీక్షకు పోవుటకు ముందు బ్రిటానికా విజ్ఞానసర్వస్వంలో గ్రంథాలయాలపై చదివిన వ్యాసమే అంటారు. 1924 జనవరిలో పదవిలో చేరి, పాఠకులు లేని ఆ నిశ్శబ్దాన్ని భరింపలేక, తిరిగి కళాశాలకు పోవుటకు ప్రయత్నించినాడు కూడ. విశ్వవిద్యాలయం ఆయనను లండనుకు పంపినది. అక్కడి యూనివర్సిటీ కళాశాలలో బెర్విక్ సేయర్స్ వద్ద చదివి, క్రోయ్డన్ పురపాలక గ్రంథాలయంలో పని నేర్చి 1925లో తిరిగివచ్చినాడు. తరువాతిది సుప్రసిద్ధం: 1931లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రాలు, 1933లో ద్విబిందు వర్గీకరణం, 1934లో సూచీకరణ నియమావళి. మద్రాసులో 1929లో ఆరంభమైన శిక్షణ తరగతులను విశ్వవిద్యాలయం స్వీకరించినది. తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయశాస్త్రంలో డిప్లొమా ఏర్పరచినది.

ఇందులో గమనింపదగినది నియామకపు క్రమం. విశ్వవిద్యాలయం మొదట ఒక విద్వాంసుని ఎన్నుకొన్నది. వృత్తిశిక్షణ తరువాత ఇప్పించినది. శిక్షణ లేదని అతనిని ద్వారంవద్దనే ఆపివేసి ఉంటే భారత గ్రంథాలయశాస్త్రానికి పితామహుడు ఉండేవాడు కాడు. ఆ పితామహుని శాస్త్రం పేరుతోనే నేడు, శిక్షణ లేదన్న కారణంగా, లిపిజ్ఞుడైన పండితుని ద్వారంవద్ద ఆపుట జరుగుతున్నది. ఇందులో రంగనాథన్ దోషం లేదు. ఆయన ఎదుట ఉన్నది వేరు సమస్య.

సిబ్బంది లెక్క

గ్రంథాలయానికి ఎందరు కావలెనన్న ప్రశ్నకు రంగనాథన్ ఒక సూత్రం చెప్పినాడు. గ్రంథాలయశాస్త్ర విద్యార్థులు దానిని నేటికీ వల్లిస్తారు. ఏటా చేరే 6,000 పుస్తకాలకు సేకరణశాఖలో ఒకరు. వర్గీకరణ, సూచీకరణలకు ఏటా చేరే 2,000 పుస్తకాలకు ఒకరు. 500 పత్రికలకు ఒకరు. దినానికి వచ్చే 50 మంది పాఠకులకు సంప్రదింపు శాఖలో ఒకరు. ఈ చివరిది ఏడాదికి 250 పనిదినాల లెక్క. సూత్రంలో ఇతరాంశాలు కూడ ఉన్నవి గాని ప్రస్తుతానికి ఇవి చాలును. ముద్రితగ్రంథాలు ఏటేటా వచ్చిపడే గ్రంథాలయానికి ఈ కొలత న్యాయమైనది. అధికారుల దయాదాక్షిణ్యాలపై ఆధారపడిన సిబ్బంది సంఖ్యను పనిభారంతో ముడిపెట్టినది గనుక వృత్తికి అది పెద్ద మేలే చేసినది.

దీనిని లిఖితప్రతుల శాఖకు అన్వయించి చూడవలెను. ఏటా చేరే ప్రతులు పదో ఇరువదో. కొన్ని ఏండ్లు శూన్యం. శూన్యాన్ని 2,000తో భాగించినా ఫలితం శూన్యమే. వచ్చే పాఠకులు నెలకు నలుగురు. సూత్రం ప్రకారం ఆ శాఖకు సూచీకర్త అక్కరలేదు, సంప్రదింపు ఉద్యోగి అక్కరలేదు. పనిభారం లేదని తేలిన శాఖకు ఖాళీ అయిన పదవిని తిరిగి మంజూరు చేయుమని అడుగుట ఎట్లు? ఆర్థికశాఖవారు వేసే ప్రశ్నకు గ్రంథాలయశాస్త్రమే సమాధానం అందించినట్లయినది.

లోపం కొలమానంలో ఉన్నది. అచ్చుపుస్తకానికి పని పుస్తకం చేరిన దినాన మొదలై కొద్ది గంటలలో ముగుస్తుంది. శీర్షికపత్రం మీద కర్త పేరు, గ్రంథం పేరు, ముద్రణ స్థలం, సంవత్సరం సిద్ధంగా ఉంటాయి. వ్రాతప్రతికి శీర్షికపత్రమే లేదు. ఆ పత్రాన్ని తయారుచేయుటే సూచీకర్త పని.

ఆ పని స్వరూపం ప్రాచ్య కళాశాలలో పాఠపరిష్కరణ బోధించేవారికి తెలిసినదే అయినా, పదవుల చర్చలో దానిని విడమరచి చెప్పనందువలననే నష్టం జరిగినది. కట్ట విప్పినప్పుడు మొదటి ఆకు, చివరి ఆకు తరచు విరిగియుంటాయి. గ్రంథనామం ఉండవలసిన చోట్లు సరిగా అవే. ఆకులకు తృణతైలం రాచి, మసి పూసి తుడిచినగాని గంటపు గీతలు కంటికి ఆనవు. ఎడమ అంచున ఉండే పత్రసంఖ్యలను బట్టి ఆకుల వరుస సరిచూడవలెను. తారుమారైన కట్టలే ఎక్కువ. ఒకే కట్టలో మూడు నాలుగు గ్రంథాలు ఉండుట సామాన్యం. ఒక వైద్యగ్రంథం వెనుక రెండాకుల శకునశాస్త్రం, దాని వెనుక ఒక శతకపు చివరి భాగం ఉండవచ్చును. పద్యానికి పద్యానికి ఎడం ఉండదు, పాదవిభాగం ఉండదు, పదాల విడదీత అసలే లేదు. ఛందస్సు తెలిసినవాడు మాత్రమే యతిప్రాసల ఆధారంతో ఎక్కడ పద్యం ముగిసినదో చెప్పగలడు. ఏత్వ ఓత్వాల హ్రస్వదీర్ఘభేదం పాటింపని లేఖకులున్నారు. ఒత్తక్షరానికి, సాధారణాక్షరానికి తేడా చూపనివారున్నారు. రేఫను వలపలగిలకగా వ్రాసినప్పుడు దానిని మరొక గుర్తుగా పొరబడే ప్రమాదం ఉన్నది. సంస్కృతగ్రంథం తెలుగులిపిలో ఉండవచ్చును. గ్రంథ, నందినాగరి, కన్నడ లిపులలో ఉండవచ్చును.

ఇక గద్య. ఆశ్వాసాంత గద్యలో కవి పేరు, తండ్రి పేరు, ఆశ్రయదాత పేరు దొరుకుతాయి. దాని దిగువన లేఖకుడు తన పేరు, ఊరు, తిథివారాలతో సంవత్సరనామం వ్రాసుకొంటాడు. మొదటిది గ్రంథరచనకు, రెండవది ప్రతిలేఖనానికి సంబంధించినది. ఈ రెంటిని కలగాపులగం చేసిన సూచికలు కవులను శతాబ్దాల ముందుకో వెనుకకో నెట్టివేసిన సందర్భాలు సాహిత్యచరిత్ర చర్చలలో అరుదు కాదు. పైగా శకసంఖ్య లేక ప్రభవాది నామం మాత్రమే ఉన్నప్పుడు అది 60 ఏండ్లకొకసారి తిరిగివచ్చేది గనుక, తిథివారాలు గణించి ఏ ఆవృత్తిలోనిదో నిర్ణయింపవలెను. కాబట్టి సూచీకర్తకు లిపి, ఛందస్సు, శాస్త్రపరిచయం, కొంత జ్యోతిషం కావలెను. ఒక గ్రంథానికి ఇంతపని జరిగిన తరువాత గాని సూచికలో నాలుగు పంక్తులు పడవు.

ఒక ఊహామాత్రపు లెక్క వేయవచ్చును. 10,000 కట్టలున్న భాండాగారం అనుకొందురు గాక. కట్టకు మూడు దినాలు చాలునని ఉదారంగా ఒప్పుకొన్నా 30,000 పనిదినాలు. ఏడాదికి 250 పనిదినాలు. ఒక్క పండితునికి 120 ఏండ్లు. నలుగురు పండితులుంటే 30 ఏండ్లు, అనగా ఒక పూర్తి ఉద్యోగకాలం. రంగనాథన్ సూత్రం శూన్యమని చెప్పినచోట నలుగురు మనుష్యులకు జీవితకాలపు పని ఉన్నది. వార్షిక చేరికలకు బదులు వివరణ పొందని నిల్వను కొలతగా తీసుకొన్నప్పుడే ఈ శాఖ సిబ్బంది లెక్క సరిపడుతుంది. పంచసూత్రాలలో మొదటిది పుస్తకాలు ఉపయోగం కొరకు అని చెప్పినవాడు దీనికి అభ్యంతరం చెప్పి ఉండడు.

అర్హతల చిక్కు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1957లో రంగనాథన్ అధ్యక్షతన నియమించిన గ్రంథాలయ సంఘం, గ్రంథాలయ వృత్తిపరులకు అధ్యాపకులతో సమానమైన హోదా, వేతనం ఉండవలెనని సిఫారసు చేసినది. కాలక్రమాన అది ఆచరణలోనికి వచ్చినది. సమానవేతనంతో సమానార్హత కూడ వచ్చుట సహజం. నిధుల సంఘపు 2018 నిబంధనలను చూస్తే, సహాయ గ్రంథాలయాధికారికి గ్రంథాలయ, సమాచార లేదా ప్రలేఖన శాస్త్రంలో 55 శాతం మార్కులతో స్నాతకోత్తర పట్టా, గ్రంథాలయ కంప్యూటరీకరణ పరిజ్ఞానం, జాతీయ అర్హత పరీక్ష విధించినవి. ఉప గ్రంథాలయాధికారికి ఎనిమిదేండ్లు, గ్రంథాలయాధికారికి పదేండ్లు అనుభవం, దానితోపాటు డాక్టరేటు కావలెను. ఆ డాక్టరేటు ఏ విషయాలలో ఉండవచ్చునో చెప్పే వరుసలో చివర పురాలేఖ సంరక్షణ, లిఖితప్రతుల నిర్వహణ అనే మాటలు కూడ ఉన్నవి. నియమం వ్రాసినవారికి వ్రాతప్రతులు గుర్తున్నవన్నమాట. అయితే ఆ గుర్తు పై మెట్టు మీద ఉన్నది. క్రింది మెట్టు మీద, అనగా సహాయ గ్రంథాలయాధికారి వద్ద, సంస్కృతం గాని, ప్రాంతీయభాష గాని, ఒక ప్రాచీనలిపి గాని తెలిసియుండవలెనన్న మాట లేదు. ఆ మెట్టు ఎక్కలేని పండితునికి పై మెట్టున ఉన్న సౌకర్యం వలన ప్రయోజనం లేదు.

ఆ పదవి లేనిచోట పండితుడు రెండు మూడు రూపాలలో కనిపిస్తాడు. ప్రాచ్య పరిశోధనాలయాలలో పరిశోధక సహాయకుడుగా ఒక్కడే ఉంటాడు. అతనికి పైన అదే శాఖలో మరొక పదవి లేదు గనుక చేరిన పదవిలోనే విశ్రాంతి పొందుతాడు. లేదా సంస్కృత, తెలుగు శాఖలలోని అధ్యాపకునికి భాండాగారం అదనపు బాధ్యత. తరగతులు ముగిసిన తరువాత వారానికి ఒక పూట తలుపు తెరుస్తాడు. లేదా ఏదో పథకం క్రింద నెలకింతని గౌరవవేతనంపై వస్తాడు. పథకం ముగియగానే పోతాడు. మూడింటిలోను మొదటిదే మేలు. కాని మొదటి పదవియే విశ్రాంతితో ఖాళీ అయి నిలిచిపోవుట ఎక్కువ. ఒక్క పదవి ఖాళీ అయినదంటే ఆ శాఖ మొత్తం ఖాళీ అయినట్లు. ఇద్దరు పండితులు కనీసం అయిదేండ్లు కలిసి పనిచేసినగాని పెద్దవాని లిపిజ్ఞానం, ఏ బీరువాలో ఏమున్నదన్న ఎరుక చిన్నవానికి అబ్బదు. ఖాళీ ఏర్పడి పదేండ్ల తరువాత నియామకం జరిగినా అప్పటికి నేర్పేవాడుండడు. అచ్చుపుస్తకాల శాఖలో ఖాళీవలన ఆలస్యం కలుగుతుంది. ఇక్కడ ఖాళీవలన పరంపర తెగుతుంది.

పథకాలను తక్కువ చేసి మాట్లాడనక్కరలేదు. 2003లో ఆరంభమైన జాతీయ లిఖితప్రతుల సంస్థ దేశమంతటా ప్రతుల వివరాలు నమోదుచేయించినది. లిపి శిక్షణ శిబిరాలు నడిపినది. సంరక్షణ కేంద్రాలు ఏర్పరచినది. 2025 కేంద్ర బడ్జెట్‌లో కోటికి పైగా వ్రాతప్రతుల సర్వేక్షణ, సంరక్షణలకు జ్ఞానభారతం పథకం ప్రకటితమైనది. చాలాచోట్ల ఆకుల ఛాయాచిత్రాలు తీసి కంప్యూటరులో భద్రపరచుట జరుగుతున్నది. ఆకు శిథిలమైనా పాఠం మిగులుతుంది గనుక ఇది అవశ్యం కావలసిన పనియే. అయితే ఛాయాచిత్రానికి పేరు పెట్టవలసినది ఎవరు? తప్పు పేరుతో నమోదైన కట్టను ఎప్పుడో ఒకప్పుడు ఎవరో విప్పి చూచి సరిదిద్దవచ్చును. తప్పు పేరుతో లక్షలాది చిత్రాల మధ్య చేరిన ఛాయను వెదకి పట్టుట అంతకంటె కష్టం. ఆ పేరును వెదకినవారికి అది దొరకదు. దొరికినవారికి అది వారు కోరినది కాదు. యంత్రం ఎంత పెరిగితే పండితుని అవసరం అంత తగ్గునన్న ఊహ ఈ రంగంలో తలక్రిందుల ఊహ.

ఎవరికి ఏది నేర్పవలెను

ఇక్కడ రెండు పక్షాలున్నవి. గ్రంథాలయశాస్త్ర పట్టభద్రుని నియమించి లిపులు నేర్పుట ఒకటి. ప్రాచ్యభాషా పట్టభద్రుని నియమించి గ్రంథాలయశాస్త్రం నేర్పుట రెండవది. మొదటి పక్షానికి నియమాల బలం ఉన్నది: వేతనశ్రేణి సిద్ధంగా ఉన్నది, పదోన్నతి ఉన్నది, గ్రంథాలయంలోని ఇతర శాఖలలోనికి బదిలీ చేయుటకు వీలున్నది. శిబిరంలో మూడు వారాలలో లిపి వచ్చునన్న వాదం కూడ ఉన్నది. అక్షరాలు వచ్చుట నిజమే. కాని అక్షరాలు కూడబలుకుకొనుట వేరు, చదువుట వేరు. విరిగిన ఆకు మీద సగం మిగిలిన శ్లోకాన్ని చూచి ఇది ఏ శాస్త్రంలోనిదో, ఏ వ్యాఖ్యానంలోనిదో పసిగట్టుటకు అయిదారేండ్ల శాస్త్రాధ్యయనం పునాదిగా ఉండవలెను. దానిని ఉద్యోగంలో చేరిన తరువాత సంపాదించుట అసాధ్యం కాకపోయినా అరుదు. గ్రంథాలయశాస్త్ర పట్టా అయితే ఏడాది చదువు. దూరవిద్య ద్వారా కూడ లభిస్తుంది. పదేండ్లు పట్టే విద్యను ముందుగా, ఏడాది పట్టే విద్యను తరువాత అడుగుట కాలవ్యయం దృష్ట్యా కూడ యుక్తం. మద్రాసు విశ్వవిద్యాలయం 1924లో చేసినది ఇదే.

రెండవ పక్షానికి ఒక బలహీనత ఉన్నది. దానిని దాచవలసిన పనిలేదు. సూచీకరణ ప్రమాణాలు పట్టని పండితుడు తనకు నచ్చిన గ్రంథం దగ్గర నెలలు గడుపుతాడు. నచ్చని కట్టను తాకడు. వివరణ ఇష్టమువచ్చిన రీతిలో వ్రాస్తాడు. ఒక సూచికకు మరొక సూచిక పొంతన లేకపోతే, మద్రాసు విశ్వవిద్యాలయంలో 1935లో ఆరంభమైన నూతన బృహత్సూచిక వంటి సమాహార కార్యాలకు దానిని వినియోగించుట శ్రమ. అందుచేత గ్రంథాలయశాస్త్ర శిక్షణను ఐచ్ఛికంగా విడువక, పదవిలో చేరిన మూడేండ్లలో పట్టా పొందవలెనన్న షరతుతో, ఆ ఏడాది సెలవు వేతనంతో ఇచ్చుట మంచిది.

ప్రాచ్య కళాశాలలు తమవంతుగా చేయగలిగినది కొంత ఉన్నది. చివరి సంవత్సరంలో లిఖితప్రతి శాస్త్రం ఒక పత్రంగా ఉన్నచోట అది తరచు పుస్తకం చదివి వ్రాసే పరీక్షగానే మిగులుతున్నది. అర్ధసంవత్సరానికి ఒక్కొక్క విద్యార్థి చేత ఒక్క కట్టకైనా వివరణపత్రం వ్రాయించి, దానిని సమీప భాండాగారపు పండితునిచేత దిద్దింపవచ్చును. కళాశాలలో తాళపత్రాలు లేవనుట సాకు కాదు. ఛాయాప్రతులు నేడు దుర్లభం కావు. ఇట్లు వ్రాసిన పది వివరణపత్రాలు దరఖాస్తుతోపాటు జతపరచగల అభ్యర్థికి, ధ్రువపత్రాలు మాత్రమే ఉన్న అభ్యర్థికి మధ్య తేడా ఎంపికసంఘానికి కనబడకపోదు.

ఇక ప్రకటన మాట. పదవి పేరు 'సహాయ గ్రంథాలయాధికారి, లిఖితప్రతులు' అని స్పష్టంగా ఉండి, వేతనశ్రేణి తక్కిన సహాయ గ్రంథాలయాధికారులదే అయి, సంస్కృతంలో గాని తెలుగులో గాని స్నాతకోత్తర పట్టా, రెండు ప్రాచీనలిపులలో పఠనశక్తి ప్రధానార్హతలుగా, గ్రంథాలయశాస్త్ర పట్టా చేరిన తరువాత పొందవలసినదిగా నిర్దేశింపవలెను. నిధుల సంఘపు కనీసార్హతలు అడ్డువచ్చునంటే ఆ పదవిని ఉపన్యాసక పదవిగా ప్రాచ్యభాషా శాఖలో మంజూరు చేసి, పనిస్థలం భాండాగారంగా ఉత్తర్వులో పేర్కొనవచ్చును. కుప్పుస్వామి శాస్త్రి కాలపు ఏర్పాటు ఇంచుమించు అదే. ఎంపికసంఘంలో గ్రంథాలయాధికారితోపాటు వ్రాతప్రతులపై పనిచేసిన పండితుడొకరు ఉండవలెను. మౌఖిక పరీక్ష పావుగంటతో సరిపెట్టరాదు. సూచికలో ఇంకను చేరని ఒక కట్టను అభ్యర్థి ముందుంచి, కాగితం, కలం ఇచ్చి, మూడు గంటలు ఒంటరిగా విడిచిపెట్టవలెను. ఆ మూడు గంటల తరువాత అతడు వ్రాసినదానిలో పత్రసంఖ్య, లిపి, ఆద్యంతాలు, గ్రంథనామం ఉన్నవో లేవో చూచి, గ్రంథనామం తేలనిచోట ఎందుకు తేలలేదో అడిగినచో ఎన్నిక తేలికగా జరుగుతుంది.